వాల్వు కడితే ఏ ఊరికి నీళ్లు ఆగుతాయి? పైపులైన్ల గ్రాఫ్‌కు డేటాబేస్ ఎంపిక: ఒక కేస్ స్టడీ

ఉమ్మడి అనంతపురం జిల్లాలో కొన్ని వందల పల్లెలకు తాగునీరిచ్చే ఒక పథకం కేసు ఇది. పథకం పేరు, మండలాలు, మనుషుల ఆనవాళ్లు తీసేశాను, అంకెలను గుండ్రం చేశాను. సాంకేతిక నిర్ణయాలు, వాటి వెనక కారణాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

ఈ ప్రాంతంలో చాలా ఊళ్ల బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 1 మిల్లీగ్రామును హద్దుగా పెట్టి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటుంది. రిజర్వాయరు నీళ్లు రెండు రోజులు రాకపోతే జనం బిందెలు పట్టుకుని మళ్లీ ఆ బోరు దగ్గరికే పోతారు. కాబట్టి మెయిన్ లైను పగిలిన గంటలోపే ఏ ఊళ్లకు నీళ్లు ఆగుతాయో తెలియాలి, ఆ ఊళ్లకు ట్యాంకర్లు కదలాలి.

ఉన్న పరిస్థితి

కంట్రోల్ రూములో ఒక ఫోను, ఒక రిజిస్టరు, పదిహేనేళ్లుగా లైన్లు తిరిగిన ఇద్దరు ఫిట్టర్ల జ్ఞాపకం. పనంతా వీటి మీదే నడిచేది. ఫిర్యాదులు, ఊళ్ల జాబితా, బిల్లులు మైఎస్‌క్యూఎల్ 8 అనే రిలేషనల్ (టేబుళ్ల) డేటాబేస్ మీద నడిచే ఒక చిన్న అప్లికేషన్‌లో ఉండేవి. పైపుల డ్రాయింగులు కాంట్రాక్టరుకొక తీరుగా ఆటోక్యాడ్ ఫైళ్లలో ఉండేవి. కొన్ని పాత లైన్లకు కాగితం ప్లాను మాత్రమే దిక్కు.

వీధి లైను దాకా, అంటే ఇంటి కుళాయిలను వదిలేసి లెక్కిస్తే, దాదాపు 38,000 నోడ్లు, 38,400 ఎడ్జ్‌లు తేలాయి. నోడ్ అంటే పైపులు కలిసే చోటు, మలుపు, వాల్వు, ట్యాంకు, పంపు. ఎడ్జ్ అంటే రెండు నోడ్ల మధ్య పైపు ముక్క. ఇలా నోడ్లు, ఎడ్జ్‌లుగా రాసుకున్నదే గ్రాఫ్. వాల్వులు రెండు వేల పైచిలుకు, ఓవర్‌హెడ్ ట్యాంకులు ఆరువందల పైన. మూలం నుంచి చిట్టచివరి నోడ్‌కు నడిస్తే దాదాపు 900 అడుగులు, అంటే 900 ఎడ్జ్‌లు దాటాలి.

ఈ అంకెల్లోనే సగం జవాబుంది. ఎడ్జ్‌ల సంఖ్యలోంచి నోడ్ల సంఖ్య తీసేసి, విడివిడి ముక్కల సంఖ్య కలిపితే నెట్‌వర్క్‌లో ఎన్ని స్వతంత్ర లూపులు ఉన్నాయో వస్తుంది. ఇక్కడ దాదాపు 400. అంటే ఇది పెద్ద ఊళ్ల వీధుల్లో మాత్రం చుట్లు తిరిగిన ఒక చెట్టు. ఇక పరిమాణానికి వస్తే, ఒక ఎడ్జ్ రెండు కొసల ఐడీలకు 16 బైట్లు చాలు. రెండు దిక్కులా రాసుకున్నా మొత్తం దాదాపు 12 లక్షల బైట్లే. ఫోనులో తీసిన ఒక ఫొటో కన్నా చిన్నది. ఈ లెక్కను మొదటి రోజే కాగితం మీద వేసి ఉంటే తర్వాతి మూడు నెలల్లో చాలా భాగం మిగిలేది.

అడిగిన కోరిక, అసలు ప్రశ్నలు

వచ్చిన కోరిక ఒక్క వాక్యం: "మాది గ్రాఫ్ కాబట్టి గ్రాఫ్ డేటాబేస్ పెట్టండి." ఇందులో సమస్య లేదు, పరిష్కారం పేరు మాత్రమే ఉంది. ఇంజనీర్లతో కూర్చుని తవ్వితే నాలుగు ప్రశ్నలు బయటపడ్డాయి. ఫలానా వాల్వు కడితే ఏ ట్యాంకులకు నీళ్లు ఆగుతాయి? ఫలానా చోట పైపు పగిలితే ఏయే వాల్వులు కట్టాలి? ఒక ఊళ్లో నీళ్ల వాసన గురించి ఫిర్యాదు వస్తే, ఆ రోజు అదే నీళ్లు ఇంకా ఏయే ఊళ్లకు వెళ్లాయి? ఏ ఒక్క చోటు దెబ్బతింటే ఎక్కువమందికి నీళ్లు ఆగుతాయి?

ప్రతి ప్రశ్న పక్కనా మరో నాలుగు సంగతులు రాసుకోవాల్సింది. నడక ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, కావలసింది దారులా లేక చేరిన చోట్లా, జవాబుకు ఎంతసేపు ఆగగలరు. ఈ మూడో సంగతిని రాసుకోకపోవడమే తర్వాతి వైఫల్యాలన్నిటికీ మూలం. మొదటి రెండు ప్రశ్నలకు దారులు అక్కర్లేదు. నీళ్లు చేరాయా లేదా అన్నదే కావాలి. 20 దారుల్లో చేరినా, ఒక్క దారిలో చేరినా ఊరికి ఒకటే.

మొదటి ప్రయత్నం: ఉన్న మైఎస్‌క్యూఎల్‌లోనే

కొత్త సర్వరు, కొత్త భాష ఎందుకని మొదట ఉన్నదాంట్లోనే ప్రయత్నించారు. మైఎస్‌క్యూఎల్ 8లో విత్ రికర్సివ్ ఉంది, అంటే వచ్చిన జవాబు మీద అదే క్వెరీని మళ్లీ మళ్లీ నడిపే వీలు. వాల్వు దగ్గర మొదలుపెట్టి, పైపు "నుంచి" కొసలో ఉన్నదాన్ని "వరకు" కొసకు కలుపుతూ, యూనియన్ ఆల్‌తో (వచ్చిన వరసలన్నిటినీ ఉంచేది) కిందికి నడిచే క్వెరీ రాశారు. చిన్న శాఖల మీద టక్కున జవాబిచ్చింది. ఒక పెద్ద ఊరు తగలగానే 1001 సార్లు తిరిగాక ఆపేశానంటూ 3636 నంబరు ఎర్రర్ వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌లో ఈ లోతుకు ముందుగానే 1000 హద్దు పెట్టి ఉంటుంది.

ఎర్రర్ సందేశమే హద్దు పెంచమని సలహా ఇస్తుంది. బృందం లక్షకు పెంచింది. తాత్కాలిక టేబుల్ డిస్కు నిండేదాకా పెరిగింది, దాంతోపాటు ఫిర్యాదుల అప్లికేషనూ ఆగింది. ఇక్కడ ఆలోచించాల్సిన తీరు వేరు. అతి పొడవైన దారే 900 ఎడ్జ్‌లు ఉన్న నెట్‌వర్క్‌లో వెయ్యి దాటిందంటే, నడక ఎక్కడో గుండ్రంగా తిరుగుతోందన్నమాట. హద్దు ఆ సంగతే చెబుతోంది.

తిరగడానికి కారణం డ్రాయింగు. ఆటోక్యాడ్‌లో గీతకు మొదలు, చివర ఉంటాయి. గీసినాయన ముందు ఎక్కడ నొక్కితే అది మొదలు. నీళ్లు ఎటు పోతాయన్నదానికీ దానికీ సంబంధం లేదు. వీధుల లూపులో నాలుగు గీతలు ఒకే చుట్టులో గీసి ఉంటే క్వెరీ ఆ చుట్టులోనే తిరుగుతుంది. ఆ చుట్టు లేకపోయినా ఇంకో చిక్కుంది. రెండు వీధులుగా చీలి మళ్లీ కలిసే చోట యూనియన్ ఆల్ ఒకే నోడ్‌ను రెండుసార్లు రాస్తుంది. అలాంటి చీలికలు వరసగా 20 ఉంటే చివరి నోడ్ 10,48,576 సార్లు వస్తుంది.

యూనియన్ ఆల్ బదులు, ఒకేలాంటి వరసలను ఒక్కసారే ఉంచే యూనియన్ డిస్టింక్ట్ పెట్టారు. అయినా ఆగలేదు. వరసలో లోతు చెప్పే కాలమ్ ఒకటి ఉంది. అదే నోడ్‌ను ఐదో అడుగులోనూ తొమ్మిదో అడుగులోనూ చేరితే డేటాబేస్‌కు అవి రెండు వేర్వేరు వరసలు. లోతు, దారి, దూరం వంటి కాలమ్ ఒక్కటి చేర్చినా డిస్టింక్ట్ చేతులెత్తేస్తుంది. ఈ తప్పును ఇంకా చాలా చోట్ల చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను: చేరిన చోట్లు మాత్రమే కావలసినప్పుడు రికర్సివ్ భాగంలో నోడ్ ఐడీ తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ఆ సమయంలో ఎవరూ ఈ నిర్ధారణకు రాలేదు. "రిలేషనల్ డేటాబేస్‌కు గ్రాఫ్ చేతకాదు" అన్న నిర్ధారణకు వచ్చారు.

రెండో ప్రయత్నం: నియో4జే

గ్రాఫ్ డేటాబేసుల్లో అందరూ చెప్పే పేరు, చదవడానికి పుష్కలంగా ఉన్న పేరు. ప్రతి నోడ్ తన సంబంధాలకు నేరుగా లంకె పెట్టుకుని ఉంటుంది కాబట్టి ఒక అడుగు వేయడానికి ఇండెక్స్ వెతకనక్కర్లేదు. దాని సైఫర్ భాషలో క్వెరీ చూడగానే అర్థమవుతుంది. ఖర్చు లేకుండా కమ్యూనిటీ ఎడిషన్ తీసుకున్నారు.

మొదటి దెబ్బ పాతదే. సైఫర్‌లో ఎన్ని అడుగులైనా నడవమని నక్షత్రం గుర్తుతో రాసే నమూనా, ఒక దారిలో ఒకే సంబంధాన్ని రెండుసార్లు దాటకుండా, ఉన్న దారులన్నీ వెతుకుతుంది. కాబట్టి అనంతంగా తిరగదు. కానీ దారులన్నీ లెక్కపెడుతుంది. 20 చీలికల ఊళ్లో మళ్లీ అవే 10 లక్షల దారులు. ఇంజను మారింది, ప్రశ్న మారలేదు. నియో4జేకు అదనంగా పెట్టుకునే ఏపాక్ లైబ్రరీలో దారి విస్తరించే ప్రొసీజరుకు నోడ్ గ్లోబల్ అన్న నియమం ఇస్తే ప్రతి నోడ్‌ను ఒక్కసారే చూస్తుంది. అలా రాశాక జవాబు వెంటనే వచ్చింది. సరిగ్గా ఇదే మార్పు మైఎస్‌క్యూఎల్‌లో చేసి ఉన్నా జవాబు వచ్చేది.

రెండో దెబ్బ మోడల్‌ది. "అన్నీ గ్రాఫే" అన్న ఉత్సాహంలో ఊరు, మండలం, జిల్లా కూడా నోడ్లుగా పెట్టి సంబంధాలు గీశారు. పైపు పగిలినప్పుడు ఏ వాల్వులు కట్టాలో తేల్చే నడక రెండు దిక్కులా పోవాలి. ఒక క్వెరీలో సంబంధం రకం రాయడం మరిచిపోయారు. నడక పైపు నుంచి ట్యాంకుకు, ట్యాంకు నుంచి ఊరికి, ఊరి నుంచి జిల్లా నోడ్‌కు ఎక్కి, అక్కణ్నుంచి జిల్లాలోని ఊళ్లన్నిటికీ దిగింది. 90 మిల్లీమీటర్ల వీధి పైపు లీకుకు జిల్లా అంతటా వాల్వులు కట్టమని జాబితా వచ్చింది. వేల సంబంధాలున్న ఇలాంటి మహా నోడ్లు గ్రాఫ్ డేటాబేసుల్లో తెలిసిన ముప్పే. ఇక్కడ వాటి అవసరమే లేదు. నీళ్లు జిల్లా మీదుగా ప్రవహించవు.

మూడోది అన్నిటికన్నా బరువైనది. పథకంలో నీళ్లు వంతులవారీగా ఇస్తారు కాబట్టి వాల్వులు రోజుకు ఎన్నోసార్లు తిప్పుతారు. ఆ నమోదు మైఎస్‌క్యూఎల్ అప్లికేషన్‌లో జరుగుతుంది. రాత్రికి ఒకసారి నియో4జేలోకి కాపీ చేస్తే జవాబు నిన్నటి వాల్వులది. రెండు చోట్లా ఒకేసారి రాయిస్తే, ఒక చోట రాత పడి రెండో చోట పడని రోజులు వచ్చాయి. రెండు చోట్లా పడితేనే రాత నిలిచేలా రెండిటినీ కలిపి కట్టే లావాదేవీ లేదు. నీళ్లున్నాయని తెర చెబుతుంటే ట్యాంకు ఎండి ఉండటం ఇలాంటి వ్యవస్థకు ప్రాణాంతకం. ఒక్కసారి అలా జరిగితే ఫిట్టర్లు మళ్లీ రిజిస్టరుకే పోతారు, వాళ్లను తప్పుపట్టలేం.

దీనికి తోడు, కమ్యూనిటీ ఎడిషన్‌లో నడుస్తుండగా బ్యాకప్ తీసే సౌకర్యం లేదు. ఆపి, డంప్ తీసి, మళ్లీ లేపాలి. 8 జీబీ సర్వరులో మెమరీని జావా హీపుకు ఎంత, పేజీ క్యాషుకు ఎంత అని పంచేవాళ్లు కావాలి. ఆఫీసులో డేటాబేసులు చూసుకునే మనిషి ఒక్కరే, ఆయనకు వచ్చింది ఎస్‌క్యూఎల్.

కాగితం మీదే వదిలేసినవి

జానస్‌గ్రాఫ్ పేరు ఒకరు తెచ్చారు. అది నిల్వకు కసాండ్రా లేదా హెచ్‌బేస్, వెతుకులాటకు ఎలాస్టిక్‌సెర్చ్ లాంటివాటి మీద నిలబడుతుంది. ఒక యంత్రంలో పట్టని గ్రాఫులకు దాని అవసరం. 12 లక్షల బైట్లకు మూడు రకాల సర్వర్లు నడపలేం.

క్లోజర్ టేబుల్, అంటే ఏ నోడ్ కింద ఏ నోడ్లు ఉన్నాయో జతలన్నీ ముందే లెక్కగట్టి దాచుకోవడం, చదవడానికి వేగం. సగటు లోతు 300 అనుకున్నా 38,000 నోడ్లకు 1,14,00,000 వరసలు. అదీ పెద్ద సమస్య కాదు. మెయిన్ లైను మీద ఒక వాల్వు తిప్పిన ప్రతిసారీ అందులో లక్షల వరసలు మారాలి, దానితో వదిలేశాం. ప్రతి నోడ్ చోటును అంకెలతోనో దారి పేరుతోనో దాచుకునే నెస్టెడ్ సెట్, పాత్ స్ట్రింగ్ పద్ధతులు చెట్లకే పనికొస్తాయి. 400 లూపులున్న చోట అవి అబద్ధం చెబుతాయి.

మైఎస్‌క్యూఎల్ లాంటిదే అయిన మరో డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లోనే సైఫర్ నడిపే అపాచే ఏజ్ ఎక్స్‌టెన్షన్‌ను కొంత లోతుగా చూశాం. డేటా ఒకే చోట ఉంటుందన్న మంచి గుణం దానికుంది. కానీ పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్చినప్పుడల్లా దానికి సరిపడే ఏజ్ వెర్షన్ చూసుకోవాలి. ఉన్న నాలుగు ప్రశ్నలకు కొత్త భాష తెచ్చే లాభం ఆ బాధ్యతకు తూగలేదు.

నిలిచినది: పోస్ట్‌గ్రెస్, పోస్ట్‌జిస్, రెండు టేబుళ్లు

మొదటి ప్రశ్న ఒక్కటే ఉండి ఉంటే మైఎస్‌క్యూఎల్‌లోనే సరిచేసుకుని ఊరుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్ 15కు మారడానికి కారణాలు మూడు. గీతల జ్యామితిని దాని పటాల ఎక్స్‌టెన్షన్ పోస్ట్‌జిస్ బాగా చూసుకుంటుంది. కీలకమైన నోడ్లు, ఎడ్జ్‌లు వెతికే ఫంక్షన్లు పీజీరౌటింగ్ అనే ఇంకో ఎక్స్‌టెన్షన్‌లో సిద్ధంగా ఉన్నాయి. ఒకే వాల్వుకు ఒకే సమయంలో రెండు స్థితులు రాయనివ్వని కట్టడి డేటాబేసులోనే పెట్టొచ్చు. ఫిర్యాదుల అప్లికేషన్‌ను కూడా దీనిలోకే తెచ్చారు, రెండు చోట్ల రాసే బాధ పోయింది.

మోడల్‌లో మూడు నిర్ణయాలు పని చేశాయి.

మొదటిది, వాల్వును నోడ్‌గా పెట్టడం. తొలి డిజైన్‌లో వాల్వు పైపుకు ఒక కాలమ్. కిలోమీటరు పైపు మధ్యలో వాల్వుంటే, పగిలినది వాల్వుకు ఎగువనా దిగువనా అన్నది చెప్పే వీలు లేదు. వాల్వు దగ్గర పైపును రెండు ముక్కలు చేసి మధ్యలో నోడ్ పెడితే ఆ సందేహం ఉండదు.

రెండోది, ట్యాంకును రెండు నోడ్లుగా చీల్చడం. ఓవర్‌హెడ్ ట్యాంకులోకి నీళ్లు పైనుంచి పడతాయి, కిందినుంచి ఊళ్లోకి దిగుతాయి. ఊరి వీధి లైన్లలోని నీళ్లు వెనక్కి ఎక్కి మెయిన్ లైనులోకి రావు. ట్యాంకు ఒక్క నోడ్‌గా ఉంటే రెండు దిక్కులా పోయే నడక ట్యాంకు గుండా ఊళ్లోకి దిగి, మెయిన్ పగిలితే వీధి వాల్వులు కట్టమంటుంది. అందుకే ఇన్‌లెట్ ఒక నోడ్, అవుట్‌లెట్ ఒక నోడ్, మధ్యలో ఒకే దిక్కు ఎడ్జ్. పంపుకూ, నాన్ రిటర్న్ వాల్వుకూ ఇదే నియమం. మిగతా పైపులన్నిటికీ దిక్కు రాయలేదు. లూపులో నీళ్లు పొద్దున ఒకవైపు, సాయంత్రం మరోవైపు పోవచ్చు, దాన్ని స్థిరమైన నిజంగా రాసిపెట్టకూడదు.

మూడోది, వాల్వు స్థితిని వేరే టేబుల్లో కాలవ్యవధితో దాచడం. వాల్వు ఐడీ, తెరిచిందా కట్టిందా, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎవరు చెప్పారు. కాలవ్యవధికి రేంజ్ టైపు, దానిమీద ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్, అంటే పైన చెప్పిన కట్టడి. "ఆ రోజు అదే నీళ్లు ఏ ఊళ్లకు వెళ్లాయి" అన్న మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడినుంచే వస్తుంది. ఊరు ఏ మండలం, ఏ జిల్లా అన్నదీ ఇలాగే తేదీలతో వేరే టేబుల్లో పెట్టారు. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి జిల్లా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది, పైపులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పాత నివేదికలో పాత జిల్లా, కొత్తదాంట్లో కొత్త జిల్లా రావాలంటే తేదీ ఉండాల్సిందే.

నడక ఎలా రాశామంటే

"ఈ వాల్వుకు దిగువన ఏముంది" అన్న ప్రశ్ననే వదిలేశాం. లూపులున్న చోట దిగువ అన్న మాటకు నిలకడైన అర్థం లేదు. రెండోవైపు నుంచి నీళ్లు అందే ట్యాంకు దిగువన ఉన్నా ఎండదు. ప్రశ్నను తిప్పి రాశాం: నడుస్తున్న మూలాలన్నిటి నుంచి బయల్దేరి, కట్టిన వాల్వులు దాటకుండా ఎక్కడిదాకా చేరగలం? వాల్వు కట్టకముందు చేరిన ట్యాంకుల్లోంచి, కట్టాక చేరినవి తీసేస్తే మిగిలేవే నీళ్లు ఆగేవి. "కడితే ఏమవుతుంది" అని ఊహించి అడిగేటప్పుడు వాల్వు ఐడీలను క్వెరీకి పారామీటరుగా ఇస్తాం, స్థితి టేబుల్‌ను ముట్టుకోం.

పోస్ట్‌గ్రెస్ 14 నుంచి రికర్సివ్ క్వెరీకి సైకిల్ అన్న క్లాజు ఉంది. మొదట దాన్ని వాడితే చుట్టు తిరగడం ఆగింది కానీ పెద్ద ఊళ్లలో జవాబు రాలేదు. కారణం మళ్లీ అదే: సైకిల్ ప్రతి వరసతోపాటు వచ్చిన దారిని మోస్తుంది, కాబట్టి దారులన్నీ లెక్కపెడుతుంది. దాన్ని తీసేసి, నోడ్ ఐడీ ఒక్కటే ఉంచి, యూనియన్ పెట్టాం. యూనియన్ అంతకుముందు వచ్చిన వరసలన్నిటితో పోల్చి, వచ్చినవాటిని మళ్లీ రానివ్వదు. అంటే ప్రతి నోడ్‌నూ ఒక్కసారే నడుస్తుంది.

అయినా అనుకున్నంత వేగం లేదు. క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతోందో చెప్పే ప్లాను చూస్తే ప్రతి మెట్టులోనూ ఎడ్జ్ టేబుల్ మొత్తం చదువుతోంది. మన నడక సన్నగా పొడుగ్గా ఉంటుంది, మెట్టుకు పది ఇరవై నోడ్లే తగిలే సందర్భాలు ఎక్కువ. ఆ ప్లాను వేసే ప్లానర్ మాత్రం మొదటి భాగంలోని వరసలకు పదింతలు ఉంటాయని ఊహించుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ 15లో ఈ ఊహను మార్చే రికర్సివ్ వర్క్‌టేబుల్ ఫ్యాక్టర్ సెట్టింగు వచ్చింది. దాన్ని 1 చేశాం. ఇంకోటి, "ఈ కొస అయినా ఆ కొస అయినా" అని ఆర్ పెట్టి జాయిన్ చేస్తే ఇండెక్స్ సరిగా వాడుకోదు. రెండు దిక్కుల్ని యూనియన్ ఆల్‌తో కలిపిన వ్యూ ఒకటి చేసి, రెండు కొసల మీదా ఇండెక్సులు పెట్టాం. ఆ తర్వాత మొత్తం నెట్‌వర్క్ నడక సెకను లోపు ముగిసింది. ఫోను పట్టుకున్న ఇంజనీరుకు అది చాలు.

రెండో ప్రశ్నకు నడక పగిలిన పైపు దగ్గర మొదలై, రెండు దిక్కులా పోయి, పనిచేసే వాల్వు తగలగానే ఆగుతుంది. ఆగిన వాల్వులే కట్టాల్సినవి. "పనిచేసే" అన్న మాట ముఖ్యం. ఏళ్ల తరబడి తిప్పక పట్టేసిన వాల్వులు లెక్కకు మించి ఉన్నాయి. వాటిని పనిచేయనివిగా గుర్తిస్తే నడక వాటిని దాటి తర్వాతి వాల్వుదాకా పోతుంది. ఈ ఒక్క కాలమ్ నింపాకే ఫిట్టర్లు తెరను నమ్మడం మొదలైంది.

డేటా చేసిన పని

డేటాబేస్ ఎంపికకు పట్టినదానికన్నా ఎక్కువ కాలం డ్రాయింగులను కలపడానికి పట్టింది. ఇక్కడ ఒక స్థానిక చిక్కుంది. పటాల్లో చోట్లను మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో ఇక్కడి రెండు జోన్ల హద్దు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. అనంతపురం పట్టణం దానికి పడమట, 43వ జోన్‌లో ఉంది. కదిరి తూర్పున, 44లో ఉంది. కర్నూలు, కడప కూడా 44లోకే వస్తాయి. డ్రాయింగులు కొన్ని 43లో, కొన్ని 44లో గీసి ఉన్నాయి, ఫైల్లో ఆ సంగతి రాసి లేదు. అన్నిటినీ 43 అనుకుని ఎక్కిస్తే తూర్పు లైన్లు అరేబియా సముద్రంలో తేలాయి. చివరికి అన్నిటినీ 43కే మార్చి నిల్వచేశాం. హద్దు దాటి కొద్ది దూరం పోతే కిలోమీటరుకు మీటరు పైచిలుకు పొడవు తేడా వస్తుంది. ఏ పైపు ఏ పైపుకు కలిసిందన్న లెక్కకు దానివల్ల నష్టం లేదు.

కొసలు కలపడానికి ఎంత దూరం దాకా అతికించాలన్నది మరో తీర్పు. 5 మీటర్లు పెడితే ఒకే కందకంలో పక్కపక్కన ఉన్న పాత ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపు, కొత్త హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు కలిసిపోయాయి. 10 సెంటీమీటర్లు పెడితే నెట్‌వర్క్ వందల ముక్కలైంది. అర మీటరు లోపు యంత్రమే అతికించేలా, అర మీటరు నుంచి 5 మీటర్ల దాకా ఉన్నవి మనిషి చూసి తేల్చేలా జాబితా తీశాం. గీతలు ఒకదాన్నొకటి దాటిన ప్రతిచోటా నోడ్ పెట్టే ఫంక్షన్‌ను మాత్రం వాడలేదు. ఒక పైపు మీదుగా ఇంకో పైపు పోయే చోటల్లా అది లేని జాయింటు సృష్టిస్తుంది.

పరీక్షకు పాత రిజిస్టరు పనికొచ్చింది. అందులో వాల్వు కట్టిన ప్రతి నమోదుకూ లెక్కతో వచ్చిన ఊళ్ల జాబితాను, ఆ రోజు ఫిర్యాదు వచ్చిన ఊళ్లతో పోల్చారు. ఆగుతాయన్న ఊళ్ల నుంచి ఒక్క ఫిర్యాదూ రాని చోట్లు తేలాయి. అక్కడికి వెళ్లి అడిగితే ఫిట్టర్లు ఎప్పటినుంచో చెబుతున్న మాటే వినిపించింది: "మేము వాల్వు కట్టేసినా ఆ పక్కనుంచి నీళ్లు వస్తానే ఉండాయి సార్." కరువు ఏడాదిలో రెండు లైన్ల మధ్య వేసిన లంకె పైపు, ఏ డ్రాయింగులోనూ ఎక్కలేదు. అలాంటివి ఫిట్టర్ల నోటినుంచే గ్రాఫ్‌లోకి చేరాయి.

నాలుగో ప్రశ్నకు పీజీరౌటింగ్‌లోని బ్రిడ్జెస్ ఫంక్షన్ నెలకోసారి నడిపితే చాలు. తెగితే నెట్‌వర్క్ రెండు ముక్కలయ్యే ఎడ్జ్‌ను బ్రిడ్జ్ అంటారు. కానీ చెట్టులాంటి నెట్‌వర్క్‌లో దాదాపు ప్రతి పైపూ బ్రిడ్జే అవుతుంది, ఉత్త జాబితా ఎవరికీ పనికిరాదు. ఒక్కోటి తెగితే ఎంతమందికి నీళ్లు ఆగుతాయో జనాభాతో వరసపెట్టి, మొదటి 30 మాత్రం ఇంజనీర్లకు పంపుతున్నారు.

సంబంధాలు పదుల రకాలై, ఎడ్జ్‌లు కోట్లకు చేరి, రేపు ఏ ఆకారంలో ప్రశ్న వస్తుందో ముందే తెలియని చోట నా ఎంపిక వేరుగా ఉండేది. మోసాల దర్యాప్తు అలాంటిది. అక్కడ నియో4జే లాంటివాటి మీద పెట్టే శ్రమ తిరిగి వస్తుంది. ఇక్కడ ఎడ్జ్ రకం ఒక్కటే, ప్రశ్నలు నాలుగే, చూసుకునే మనిషి ఒక్కరే.

మిగిలి ఉన్న పని ఒకటుంది. ఈ గ్రాఫ్ నీళ్లు చేరే దారి ఉందో లేదో చెబుతుంది, చాలినంత ఒత్తిడితో చేరుతాయో లేదో చెప్పదు. సగం తిప్పిన వాల్వుకు దీంట్లో చోటు లేదు. దానికి ఒత్తిడినీ ప్రవాహాన్నీ లెక్కగట్టే ఎపానెట్ లాంటి హైడ్రాలిక్ మోడల్ కావాలి. అమెరికా పర్యావరణ సంస్థ ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ అది. అందులో మామూలు గేటు వాల్వు నోడ్ కాదు, పైపుకు ఉండే స్థితి. కాబట్టి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మన వాల్వు నోడ్‌ను మళ్లీ చిన్న పైపుగా మార్చాలి, ఒకే దిక్కు ఎడ్జ్‌లను చెక్ వాల్వున్న పైపులుగా రాయాలి. సగం తెరిచిన వాల్వును మైనర్ లాస్ గుణకంతో, అంటే ఆ అడ్డు వల్ల ఒత్తిడి ఎంత తగ్గుతుందో చెప్పే అంకెతో చూపాలి. ఆ గుణకం తేల్చడానికి ఎన్ని చుట్లు తిప్పారో తెలియాలి. స్థితి టేబుల్లో ఆ కాలమ్ చేర్చారు, ఫిట్టర్లు ఫోనులో చుట్ల లెక్క కూడా చెబుతున్నారు.